గంతల గంట

మా బావని నేను జీవితంలో కొట్టింది ఒకే ఒక్కరోజు. నేల మీద కాదు, రెండు వేల ఆరు వందల అడుగుల ఎత్తున, మబ్బులో, అతను హెలికాప్టర్ నడుపుతుండగా. నాలుగు రోజుల తర్వాత అతను నన్ను కొట్టాడు. అది నేల మీదే, మా ఆఫీసు గదిలో, ముగ్గురి ఎదుట. నా దెబ్బలకి అయిదుగురు బతికారు. అతని దెబ్బకి ఏమైందో చెప్పడానికే ఇదంతా.

బావ అంటే మా అక్క మొగుడు. ఎయిర్ అంబులెన్స్ పైలట్. నేను అదే బండిలో పారామెడిక్‌ని. హెలికాప్టర్‌ని మేం బండి అనే అంటాం. నాది ముందు ఎడమ సీటు. బావ పక్కన కూర్చుని కరెంటు తీగలు, స్తంభాలు, పక్షులు కనిపెట్టి చెప్పాలి, మ్యాపు చూడాలి, రేడియో అందుకోవాలి. వెనక పేషెంట్ దగ్గర డాక్టరమ్మ ఉంటుంది. పిల్లనిచ్చింది చాలక పిల్ల తమ్ముణ్ణి కూడా ఈయనకే అంటగట్టారని మా బేస్‌లో పాత జోకు. బేస్ అంటే పెద్దగా ఏమీ ఊహించుకోకండి. ఒక రేకుల షెడ్డు, బండి దిగే సిమెంటు గచ్చు, ఒక ఆఫీసు గది, ఆ గది గోడకి ఒక ఎర్ర ఫోను.

మా సర్వీసులో ఒక నియమం ఉంది. నెలకోసారి, ఆకాశం శుభ్రంగా ఉన్న రోజు చూసి, పైలట్ గంటసేపు బయటికి చూడకుండా బండి నడపాలి. దానికో టోపీ ఉంది. ముందుకి పొడుచుకొచ్చిన నల్లటి రేకు అద్దాలన్నిటినీ కప్పేస్తుంది. ఎదురుగా ఉన్న మీటర్లు తప్ప ఏమీ కనపడవు. మేం దాన్ని గంతల టోపీ అంటాం, ఆ గంటని గంతల గంట అంటాం. ఆ గంటసేపూ ఎడమ సీటువాడు బయటికి చూస్తూ, మధ్యమధ్య మీటర్లు పైకి చదివి వినిపించాలి. దిగాక పుస్తకంలో ఇద్దరూ సంతకాలు పెట్టాలి. మబ్బులో కళ్ళు పనికిరానప్పుడు చేతులకి అలవాటు ఉండాలని ఈ ఏర్పాటు.

మొదటి గంట మాకు పెద్దాయన చేయించాడు. ట్రైనింగ్ పైలట్, తల ముగ్గుబుట్ట, నోరు మాత్రం నిప్పు. "మబ్బులో నీ చెవి అబద్ధం చెప్తుంది, కడుపు అబద్ధం చెప్తుంది, కూర్చున్న పిర్రలు కూడా అబద్ధం చెప్తాయి. ఈ గీత ఒక్కటే నిజం చెప్తుంది" అంటూ, బావ తల పక్కకి తిప్పినప్పుడల్లా వెనకనుంచి చెక్క స్కేలుతో భుజం మీద ఒకటి అంటించేవాడు. గీత అంటే, పైలట్ ఎదురుగా గుండ్రటి మీటరు ఒకటుంటుంది. పైసగం నీలం, కిందిసగం మట్టిరంగు, రెంటి మధ్య తెల్లగీత. నీలం ఆకాశం, మట్టిరంగు నేల. గీత అడ్డంగా తిన్నగా ఉంటే బండి తిన్నగా ఉన్నట్టు. గీత వాలితే బండి వాలినట్టు.

ఆ టోపీ పెట్టుకున్నాక బావకి కడుపులో తిప్పింది. ఆ రోజు దిగీ దిగగానే షెడ్డు వెనక్కి పరిగెత్తి వాంతి చేసుకున్నాడు. రెండో నెల వచ్చేసరికి నా భుజం మీద చెయ్యేసి, "ఒరేయ్ బామ్మర్దీ, మబ్బుంటే లేవకూడదన్నది మన మొదటి రూలు. మనం మబ్బులోకి వెళ్ళమే వెళ్ళం. ఇంక ఈ టోపీ ఎందుకురా?" అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. సబబు కాదు, బద్ధకం. పేషెంట్‌ని దింపేసి ఖాళీగా తిరిగొచ్చే ట్రిప్పులు నెలకి నాలుగైదు ఉండేవి. వాటిలో ఒకదాన్ని గంతల గంటగా రాసేసేవాళ్ళం. బావ సంతకం, పక్కన నా సంతకం. టోపీ షెల్ఫు మీద దుమ్ము పట్టింది. అలా పదకొండు నెలలు.

ఆ రోజు పొద్దున పది గంటలకి ఎర్ర ఫోను మోగింది. కొండల అవతల రాళ్ళ క్వారీలో కొట్లాట. ఎవరి లారీ ముందు నింపాలన్న వరస దగ్గర డ్రైవర్లకీ లోడింగ్ కూలీలకీ మాటామాటా పెరిగి గునపాలదాకా వెళ్ళింది. ఒక కూలీ కడుపులో కత్తి దిగింది. కొండల మీద మబ్బు ఉంది కానీ వాటి మధ్య కనుమ తెరిచే ఉంది. బావ వాతావరణం కాగితం చూసి, "వెళ్ళొచ్చు. పన్నెండులోపు తిరిగి రావాలి" అన్నాడు. అక్కడివరకూ అంతా రూలు ప్రకారమే జరిగింది.

క్వారీలో దిగేసరికి కొట్లాట ఆగలేదు, ఊపిరి తీసుకుంటోంది. తెల్లటి రాతిపొడి మీద నెత్తురు ఎక్కడ పడితే అక్కడ చిక్కటి బురదగా ముద్దకట్టింది. ఒకడు చెవి ఊడి వేలాడుతుంటే దాన్ని చేత్తో పట్టుకునే అవతలివాణ్ణి బూతులు తిడుతున్నాడు. ఇద్దరు కింద పడి ఉన్నారు, వాళ్ళ జోలికి ఎవరూ వెళ్ళడం లేదు. మా పేషెంట్‌కి ఇరవై రెండేళ్ళుంటాయి. కత్తి పిడిదాకా కడుపులోనే ఉంది. వాడి తల ఒళ్ళో పెట్టుకుని వాడి అన్న కూర్చున్నాడు. లోడింగ్ మేస్త్రి, తలుపంత మనిషి. కత్తి పీకబోతున్నాడు. డాక్టరమ్మ అయిదడుగులైనా ఉండదు, కానీ వెళ్ళి మేస్త్రి చేతిమీద ఫట్‌మని కొట్టింది. "పీకావంటే మీ తమ్ముడు ఇక్కడే పోతాడు. పక్కకి జరుగు" అంది. మేస్త్రి జరిగాడు.

రక్తం ఆపి, సెలైన్ పెట్టి, స్ట్రెచర్ మీద కట్టేసరికి ఇరవై అయిదు నిమిషాలు. లేచి చూస్తే కనుమ లేదు. మబ్బు కొండల నడుముదాకా దిగిపోయింది. బావ నా దగ్గరికొచ్చి మెల్లగా, "అయిపోయిందిరా. రోడ్డు మీద పంపిద్దాం" అన్నాడు. రోడ్డుకి అడ్డంగా డ్రైవర్లు ఆరు లారీలు పెట్టి కూర్చున్నారు. "అయితే వాగుదాకా ఎగురుదాం. మబ్బు కిందనే రెండు మైళ్ళు. ఇసుకలో దింపుతా. రోడ్డు అంబులెన్స్‌ని అక్కడికే రమ్మను" అన్నాడు. సరైన మాట. ఈ కథలో మా బావ గురించి మీకు చాలా కోపం వస్తుంది కాబట్టి, ఆ మాట అన్నాడని గుర్తుపెట్టుకోండి.

స్ట్రెచర్ ఎక్కిస్తుంటే మొదటి రాయి పడింది. శత్రువుల మనిషిని మేం బతికిస్తున్నామని డ్రైవర్లకి కడుపుమంట. రెండో రాయి నా వీపుకి, మూడోది తలుపు అద్దానికి తగిలింది. బావ ఇంజిన్ వేశాడు, పైన రెక్కలు తిరగడం మొదలెట్టాయి. ఒకడు ఇనపరాడ్డు పట్టుకుని తోక వైపు పరిగెత్తాడు. తోక దగ్గర చిన్న రెక్క తిరుగుతుంటుంది, వేగానికి కంటికి కనపడదు, మనిషి తగిలితే ముక్కలే. రాడ్డు తగిలినా మా పని సరి. నేను వాడి నడుము పట్టుకుని కింద పడేసి, మోకాలుతో ముక్కు పగలగొట్టాను. పారామెడిక్ చేయాల్సిన పని కాదది. నాకు ఆ క్షణంలో ఒళ్ళంతా కోపం తప్ప ఇంకేం లేదు.

పరిగెత్తి సీట్లో పడేసరికి వెనక మేస్త్రి ఎక్కి కూర్చుని ఉన్నాడు. చేతిలో గునపం. డాక్టరమ్మ దిగమని అరుస్తోంది. దింపడానికి టైము లేదు, రాళ్ళు వానలా పడుతున్నాయి. బావ బండి లేపేశాడు.

వాగు కనపడగానే బావ వేగం తగ్గించాడు. మేస్త్రికి అర్థమైంది. సీట్ల మధ్యలోంచి గునపం మొన తెచ్చి బావ మెడకి ఆనించాడు. "ఇక్కడ దింపావో పొడిచేస్తా. ఆస్పత్రికి పోనీ."

"మబ్బుంది అన్నా. వెళ్తే అందరం పోతాం" అన్నాను.

"మా వాడు ఇప్పుడే పోతున్నాడు. పోనీ!"

బావ మెడ మీద సన్నగా నెత్తురు గీత దిగింది. బండిని కనుమ వైపు తిప్పాడు. మబ్బుకీ కొండకీ మధ్య ఇంకా సన్నటి సందు కనపడుతోంది. దానిలోంచి దూరిపోదామనుకున్నాడు. కనుమ సగం దాటామో లేదో, ఎవరో అద్దాలన్నిటికీ సున్నం కొట్టినట్టు అంతా తెల్లగా అయిపోయింది.

అప్పుడు చేయాల్సినవి పెద్దాయన చెప్పినవే. బండిని తిన్నగా ఉంచు, అదే దిక్కున పైకి ఎక్కు, కొండలకంటే ఎత్తుకి చేరాక రేడియోలో పెద్ద విమానాశ్రయాన్ని అడుగు. మా చుట్టూ కొండల ఎత్తు రెండు వేల నాలుగు వందల అడుగులు. బావ ఎక్కించాడు. మూడు వేలు దాటింది, మూడు వేల రెండు వందలు. నేను రేడియో అందుకున్నాను. విమానాశ్రయం నుంచి ఒక అమ్మాయి గొంతు, "మీరు నాకు రాడార్‌లో కనపడుతున్నారు, ఇంకా ఎక్కండి" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు గీత చూశాను. వాలి ఉంది.

"బావా, ఎడమకి వాలుతున్నాం."

"లేదురా, తిన్నగానే ఉన్నాం."

నాకూ తిన్నగానే ఉన్నట్టుంది. అదే దాని మాయ. మెల్లగా వాలితే ఒంటికి తెలియదు. "గీత చూడు బావా" అని అరిచాను. చూశాడు. చూసి సరిచేశాడు. సరిచేయగానే మా అందరి ఒళ్ళూ ఒక్కసారి, బండి కుడివైపు బోర్లా పడిపోతోందని కేకపెట్టాయి. గీత తిన్నగా ఉంది, నా కడుపు మాత్రం పాతాళానికి జారుతోంది. వెనక మేస్త్రి "పడేస్తున్నాడు! చంపేస్తున్నాడు!" అని గునపం వదిలేసి లేచి, రెండు చేతులతో వెనకనుంచి బావ గొంతు పట్టుకున్నాడు.

నా సీటు కింద మంటలార్పే ఎర్ర సిలిండర్ ఉంటుంది. బెల్టు విప్పి, వెనక్కి తిరిగి, దాంతో మేస్త్రి మొహం మీద కొట్టాను. వదల్లేదు. ఇంకోటి కొట్టాను. దవడ విరిగిన చప్పుడు ఇంజిన్ మోతలో కూడా వినపడింది. ఒక పన్ను వచ్చి నా ఒళ్ళో పడింది. అయినా ఎడంచేయి వదల్లేదు, ఆ వేళ్ళని ఒక్కొక్కటే వెనక్కి విరిచాను. డాక్టరమ్మ అతని కాళ్ళ మీద కూర్చుని, ప్యాంటు మీదనుంచే తొడలో సూది దింపింది. అంత పెద్దమనిషీ మెల్లగా స్ట్రెచర్ పక్కన ఒరిగిపోయాడు. తమ్ముడి మీద పడకుండా డాక్టరమ్మ తన ఒంటితో అడ్డం పెట్టుకుంది.

ఇటు తిరిగేసరికి బావ బయటికి చూస్తున్నాడు. బయట ఏముంది, తెలుపు. గీత మళ్ళీ ఎడమకి, ఈసారి ముప్ఫై డిగ్రీలు. ఎత్తు రెండు వేల ఏడు వందలు, తగ్గుతోంది. రేడియోలో అమ్మాయి గొంతు మారిపోయింది. "ఎక్కండి, వెంటనే ఎక్కండి."

"గీత చెడిపోయిందిరా! మీటరు తప్పు చూపిస్తోంది!" అన్నాడు బావ. కళ్ళు గాజుకళ్ళలా ఉన్నాయి. మనం తిన్నగానే ఉన్నామని అతని ఒళ్ళంతా చెప్తోంది, ఒంటిని నమ్ముతున్నాడు. పదకొండు గంటలు టోపీ పెట్టుకుని ఉంటే నమ్మేవాడు కాదు. నాకు అదొక్కటే ఆలోచన వచ్చింది. మా అక్క మొగుణ్ణి నా సంతకం చంపేస్తోంది.

లాగి కొట్టాను. హెల్మెట్ కింద చెంప మీద, ఎంత బలముంటే అంత. పెదవి చిట్లింది. బయటికి చూస్తే మళ్ళీ కొట్టాను. మెడ పట్టుకుని మొహాన్ని మీటర్ల వైపు వంచి అక్కడే అదిమి పట్టాను. "బయట చూడకు. నన్ను చూడకు. గీత!" ఆ తర్వాత పెద్దాయన నేర్పినట్టు చదవడం మొదలెట్టాను. "గీత ఎడమకి ముప్ఫై. కుడికి తే. ఎత్తు రెండు వేల ఆరు వందలు, తగ్గుతోంది. కుడికి తే బావా. ఇరవై. రెండు వేల అయిదు వందలు. పది. ఎక్కించు." చదువుతుంటే నా ఒళ్ళు కూడా నువ్వు చెప్పేది తప్పు, తప్పు అని గోలపెడుతోంది. నా నోటిని నేనే నమ్మకుండా చదివాను.

నా కాళ్ళ కింది అద్దంలో, తెలుపులోంచి నల్లగా ఒక బండరాయి, దాని మీద రెండు మొక్కలు వచ్చి, ఆకులు లెక్కపెట్టగలిగినంత దగ్గరగా కనపడి, పోయాయి. గీత తిన్నబడింది. ఎత్తు ముల్లు ఆగి, పైకి తిరిగింది. విమానాశ్రయం రన్‌వే కనపడేదాకా, ఇరవై రెండు నిమిషాలు, నా చెయ్యి బావ మెడ మీదే ఉంది. దిగాక తీద్దామంటే వేళ్ళు వెంటనే విచ్చుకోలేదు.

తమ్ముడు బతికాడు. అన్న దవడకి తీగలు కట్టారు. పోలీసులు వచ్చారు, రాసుకున్నారు, అది వేరే కథ. మాకు ఎంక్వైరీ నాలుగో రోజున పెట్టారు.

ఆఫీసరు మంచాయన. కళ్ళజోడు, చిన్న చేతిరాత. ఉదయమంతా మమ్మల్ని విడివిడిగా అడిగి, చివర అందరినీ గదిలోకి పిలిచాడు. బావ, నేను, డాక్టరమ్మ. తల వంచుకుని మేస్త్రి, నోరు తెరవలేడు కనక ఒళ్ళో పలక, సుద్ద. బేస్ మీద ఆ రోజు ఒక్క మబ్బుతునక లేదు. కిటికీలోంచి ఎండ వచ్చి బల్ల మీద, మా గంతల గంట పుస్తకం మీద పడుతోంది.

"నేను ఇరవై ఏళ్ళుగా ఇలాంటివి చూస్తున్నాను," అన్నాడాయన. "అనుకోకుండా మబ్బులో చిక్కుకుని బయటపడ్డవాళ్ళు తక్కువ. అందులోనూ గొంతు పట్టుకున్న మనిషితో. ఎలా బయటపడ్డారా అని ఈ పుస్తకం తెరిచాను. పన్నెండు నెలలు, పన్నెండు గంటలు, ఒక్కటి తప్పలేదు." బావ భుజం తట్టాడు. "ఈ క్షణం నుంచి మళ్ళీ డ్యూటీ తీసుకోవచ్చు."

మేస్త్రి పలక మీద రాసి బావకి చూపించాడు. 'నీ చేతి అలవాటు మా వాణ్ణి బతికించింది. నన్ను క్షమించు.' కళ్ళలో నీళ్ళు. నా వైపు చూడలేకపోయాడు. నేనూ ఆ మొహం చూడలేకపోయాను. బావ నన్ను చూసి కనుసైగ చేశాడు. బతికాం, నోరు మూసుకో అని. మూసుకునేవాణ్ణే.

ఆఫీసరు పెన్ను మూత తీశాడు. "ఇంకో మాట. గంతల గంట నెలకి ఒకటి సరిపోదు, నాలుగు కావాలని కొన్ని బేస్‌ల పైలట్లు ఏడాదిగా పోరుతున్నారు. ఒకటి చాలనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఈ పుస్తకం కాపీ తీయించి అన్ని బేస్‌లకీ పంపిస్తున్నాను."

గాజుకళ్ళ పైలట్లు ఎంతమందో నా కళ్ళముందు వరసగా కూర్చున్నారు. వాళ్ళ పక్క సీట్లలో నాలాంటి వెధవలు.

"పంపకండి సార్" అన్నాను.

"ఒరేయ్" అన్నాడు బావ.

"మొదటి నెలది నిజం. మిగిలిన పదకొండూ ఎగరలేదు. ఖాళీ ట్రిప్పుల్ని ఆ పేరుతో రాశాం. సాక్షి సంతకాలు నావి. మమ్మల్ని బతికించింది అలవాటు కాదు సార్, నా చెంపదెబ్బలు. ప్రతి బండిలోనూ పైలట్‌ని కొట్టడానికి బామ్మర్ది ఉండడు."

బావ కుర్చీ వెనక్కి పడింది. పిడికిలి నా నోటి మీద తగిలింది. కింద పడి, లేవబోయి, మళ్ళీ పడ్డాను. "నా అన్నం తీశావు కదరా! మీ అక్క అన్నం తీశావు!" అంటూ పొట్టలో తన్నాడు. డాక్టరమ్మ అరుస్తోంది. మేస్త్రి లేచి, కట్టుకట్టిన ఎడంచేత్తో, మంచి కుడిచేత్తో బావని వెనకనుంచి పట్టుకున్నాడు. ఈసారి గొంతు కాదు, నడుము. నేను చెయ్యెత్తలేదు. బావ మీద నాకు కోపం లేదు. భయమేసింది, అంతే. మా అక్కకి నేనే వెళ్ళి చెప్పాలి.

ఆఫీసరు పుస్తకం మూసి బావ వైపు చూశాడు. "మీ లైసెన్స్ ఇప్పుడే ఆపుతున్నాను. మీరు కూడా," అని నన్ను చూసి, "ఇంక బండెక్కరు" అన్నాడు. గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ ఉంది.

అప్పుడు ఎర్ర ఫోను మోగింది.

దగ్గరున్నవాళ్ళే ఎత్తాలన్నది రూలు. బావ దగ్గరున్నాడు. పిడికిలి మీద నా నెత్తురుతోనే ఎత్తాడు. నిశ్శబ్దంలో అవతలి గొంతు మాకందరికీ వినపడింది. ఫ్యాక్టరీలో బాయిలర్ పేలింది, ఇద్దరికి ఒళ్ళు కాలింది, ఎంతసేపట్లో లేస్తారు? బావ ఆఫీసరు వైపు చూశాడు. ఆయన కళ్ళజోడు తీసి, తల అడ్డంగా ఊపాడు. బావ కిటికీలోంచి బండిని చూశాడు. ట్యాంకు నిండా ఇంధనం, పైన నీలంగా ఆకాశం. చిన్నపిల్లాడు కూడా దారి తప్పని ఆకాశం.

"ఇవాళ బేస్‌లో పైలట్ లేడమ్మా," అన్నాడు మా బావ. "రోడ్డు మీద తీసుకెళ్ళండి."

ఫోను పెట్టేసి నా వైపు తిరిగాడు. మళ్ళీ కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది. కొట్టలేదు.